ముందు చెవికి, తర్వాత పలకకి

చదువుల పేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ మూడు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లల గురించే. మాటను ముక్కలుగా వినడం, ఆ ముక్కల్ని కలపడం, తీసేయడం, మార్చి ఆడుకోవడం. బడి పుస్తకాలు దీన్ని ధ్వని అవగాహన అంటున్నాయి. ఇది నోటితో, చెవితో చేసే పని. పలకా బలపం పక్కన పెట్టి చదవండి.

మా బాబుకు నాలుగేళ్ళు, ఎల్‌కేజీ. అ ఆ ఇ ఈ నుంచి చివరిదాకా గడగడా అప్పజెప్తాడు. కానీ ‘పలక’లో మొదట ఏం వినబడుతోందిరా అంటే "రాసుకుంటారు" అంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక తల్లి, నల్గొండ)

మీ బాబు చెప్పింది తప్పు కాదమ్మా. మీరు పలక అనగానే వాడికి వస్తువు కనిపించింది, దాంతో చేసే పని గుర్తొచ్చింది. ఆ వయసులో మాటంటే అర్థమే. మాటకు అర్థం కాకుండా చప్పుడు కూడా ఉంటుందని తెలియడమే మొదటి మెట్టు. వర్ణమాల అప్పజెప్పడానికీ దీనికీ సంబంధం తక్కువ. వరస మారిస్తే తడబడే పిల్లలు చాలామంది ఉంటారు.

ఆ మెట్టు ఎక్కడానికి ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: "రైలు పెద్ద మాటా, సీతాకోకచిలుక పెద్ద మాటా?" రైలే పెద్దదంటాడు. అప్పుడు ఇద్దరూ తొడ మీద తడుతూ అనండి: రై-లు, రెండు దెబ్బలు. సీ-తా-కో-క-చి-లు-క, ఏడు. రెండుసార్లు తట్టాక మళ్ళీ అడగండి. చెట్టు–గోరింటాకు, బస్సు–మిణుగురు పురుగు, ఇల్లు–పచ్చిమిరపకాయ. వస్తువు పెద్దది, మాట చిన్నది అయ్యేలా జంటలు కట్టండి. నాలుగైదు రోజుల్లో మాట పొడవును వినడం మొదలవుతుంది.

తర్వాత చింతగింజలు. నేల మీద సుద్దతో నాలుగు గడులు గీయండి. మాట నెమ్మదిగా అంటూ ఒక్కో ముక్కకు ఒక్కో గింజ పెట్టాలి. మొదటి వారం రెండు ముక్కల మాటలే: మేక, పాప, గోడ, ఆవు. రెండో వారం మూడు: పలక, పడవ, అరటి. నాలుగు ముక్కలవి ఆ తర్వాత. రోజుకు ఐదు నుంచి ఏడు నిమిషాలు, ఆరేడు మాటలు చాలు. పది నిమిషాలు దాటితే పిల్లవాడు గింజలతో వేరే ఆట మొదలుపెడతాడు, అది వాడి తప్పు కాదు.

ఇవి కుదిరాక ‘మొదటి చప్పుడు’ ఆట. పళ్ళెంలో నాలుగు వస్తువులు పెట్టండి: పసుపు కొమ్ము, పప్పు గిన్నె, పలక, గరిటె. "వీటిలో ఒకటి వేరేగా మొదలవుతోంది, ఏదో చెప్పు." ఇక్కడ చాలా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంది. పిల్లవాడు పలకను తీసి పక్కన పెడతాడు. మిగతావి వంటింట్లో ఉండేవి కదా మరి. మళ్ళీ అర్థం వైపే వెళ్ళాడన్నమాట. కోప్పడకుండా మీ మూతి చూడమనండి. ‘పసుపు’, ‘పప్పు’, ‘పలక’ అనబోయేటప్పుడు పెదాలు రెండూ అతుక్కుంటాయి. ‘గరిటె’కు అతుక్కోవు. చెవికి అందనిది ముందు కంటికి అందుతుంది. వేరేగా ఉండాల్సిన వస్తువుకు బకెట్టు, బంతి లాంటివి మొదట్లో వద్దు. ప, బ రెండూ పెదాలతోనే పలుకుతాం, చిక్కుపడతాడు. అలాగే ‘ప’ జట్టులో పాలు, పిల్లి కలపకండి. మనకు అవన్నీ ప గుణింతమే గానీ నాలుగేళ్ళ చెవికి ప, పా, పి మూడు వేర్వేరు చప్పుళ్ళు.

ఆఖరి చప్పుడు ఐదేళ్ళు వచ్చాక. తీసేసే ఆట కూడా అప్పుడే, ముందు జంట మాటలతో: గాలిపటంలో ‘గాలి’ తీసేస్తే? పటం. కొబ్బరికాయలో ‘కొబ్బరి’ తీసేస్తే? కాయ. ఆ తర్వాత ఒక్క ముక్క: వంకాయలో ‘వం’ తీసేస్తే? కలపలో ‘ప’ తీసేస్తే? ఎల్‌కేజీలో ఇది రాకపోయినా కంగారు పడొద్దు.

అంగన్‌వాడీలో చప్పట్ల ఆట ఆడిస్తున్నాను. ‘అమ్మ’ను కొందరు అ-మ్మ అని, కొందరు అమ్-మ అని విడగొడుతున్నారు. ఏది సరైనది? ‘బస్సు’కు ఒకటా, రెండా? పాతిక మందిలో ఎవరికి వచ్చిందో తెలియడం లేదు. (అంగన్‌వాడీ టీచరు, శ్రీకాకుళం జిల్లా)

రెండూ సరైనవే టీచరుగారూ. రాసేటప్పుడు మ్మ ఒకే అక్షరం, కాబట్టి అ-మ్మ. పలికేటప్పుడు మొదటి మకారం ‘అ’కు అతుక్కుంటుంది, కాబట్టి అమ్-మ. కొబ్బరి, ఉప్పు, బస్తా అన్నిట్లోనూ ఇంతే: నోరు కొబ్-బ-రి అంటుంది, చెయ్యి కొ-బ్బ-రి అని రాస్తుంది. ఎలా విడగొట్టినా దెబ్బల లెక్క మారదు. అందుకే లెక్క చూడండి, ఎక్కడ కోశారన్నది వదిలేయండి. ఇంకా ఒత్తు పేరైనా వినని పిల్లవాడు అమ్-మ అన్నాడంటే చక్కగా విన్నాడని అర్థం. దాన్ని దిద్దితే వాడు తన చెవిని నమ్మడం మానేసి మీ మొహం చూసి తట్టడం మొదలుపెడతాడు.

బస్సు సంగతి వేరు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బయటి మాటలకు చివర ఉకారం చేర్చుకున్నాం. ‘బస్సు’ అన్న పిల్లవాడికి రెండు, ‘బస్’ అన్న పిల్లవాడికి ఒకటి. ‘ఇస్కూలు’ అంటే మూడు. ఆ పిల్ల నోట ఏ మాట వచ్చిందో దాన్నే తట్టించండి. ‘తలుపు’ను తొందరగా ‘తల్పు’ అనేసి రెండే తట్టేవాళ్ళూ ఉంటారు. అందువల్ల మీరు మాట అందించేటప్పుడు నెమ్మదిగా, అన్ని అచ్చులూ వినిపించేలా అనాలి.

పాతిక మంది గురించి. ఒకేసారి చప్పట్లు కొడితే ఆ మోతలో మాట వినపడదు. తొడ మీద మెత్తగా తట్టించండి. గుంపులో సగం మంది పక్కవాడి చెయ్యి చూసి అర క్షణం ఆలస్యంగా తడతారు. చూసేవాళ్ళకు అందరికీ వచ్చినట్టే ఉంటుంది. రోజుకు ఐదుగురిని ఎంచుకోండి. గుంపు ఆట అయ్యాక ఆ ఐదుగురితో విడివిడిగా, మీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, మూడు కొత్త మాటలు అడగండి. అందరితో తట్టిన మాటలు వద్దు, అవి గుర్తుండిపోతాయి. మూడింటిలో రెండు సరిగ్గా తడితే వచ్చినట్టే. వారంలో అందరూ అయిపోతారు. హాజరు పుస్తకం వెనకపేజీలో ఒక టిక్కు చాలు.

ఎక్కడ విడగొట్టాలో అసలు తెలియని పిల్లలకు గడ్డం కింద అరచెయ్యి ఆనించి మాట చెప్పమనండి. అచ్చు వచ్చిన ప్రతిసారీ గడ్డం కిందికి దిగి చేతికి తగులుతుంది. ‘మామ’, ‘ఆవాలు’, ‘తాత’ లాంటి ‘ఆ’ ఉన్న మాటలతో బాగా తెలుస్తుంది. ‘చీర’, ‘ఇటు’ లాంటివాటితో నోరు అంతగా తెరుచుకోదు, వాటితో మొదలుపెట్టకండి.

నేను ఒకటో తరగతి చెప్తాను. చ తో మొదలయ్యే బొమ్మలు ఏరమంటే ఒక పిల్ల చిలక, చెట్టు, చేప ఒక కుప్పగా, చాప, చొక్కా వేరే కుప్పగా పెట్టింది. ఎలుక ‘య’తో మొదలవుతుందని ఇంకొకడు వాదిస్తున్నాడు. కొందరి ఇళ్ళలో గోండి మాట్లాడతారు. ఎలా సరిదిద్దాలి? (ఉపాధ్యాయురాలు, ఆదిలాబాద్ జిల్లా)

దిద్దకండి. ఆ అమ్మాయి చెవి చాలా నిశితమైనది. చిలక అన్నప్పుడు నాలుక మధ్యభాగం అంగిలికి తగులుతుంది. చాప అన్నప్పుడు నాలుక కొన పళ్ళ వెనక్కి వస్తుంది. మన వ్యాకరణాలు వీటిని తాలవ్య చకారం, దంత్య చకారం అని ఎప్పుడో వేరు చేశాయి. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ల ముందు మొదటిది, అ, ఉ, ఒ ల ముందు రెండోది వస్తుంది. చీమ ఒక రకం, చుక్క ఇంకో రకం. జీడిపప్పు, జున్ను కూడా అంతే. రాతలో మాత్రం రెంటికీ ఒకే గుర్తు. ఆ పిల్లకు ఇలా చెప్పండి: "నువ్వు విన్నది నిజమే. నోట్లో రెండు, పలక మీద ఒకటే." రెండు కుప్పల్నీ మెచ్చుకుని, తర్వాత రెంటినీ ఒక పెద్ద పళ్ళెంలోకి మీరే చేర్చండి.

ఎలుక వాదనలోనూ పిల్లవాడిదే గెలుపు. మాట మొదటి ఎ ని మనం ‘యె’ అని, ఒ ని ‘వొ’ అని పలుకుతాం: యెలుక, వొంటె. గోడ మీది అక్షరాల పటాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ‘ఋషి’ని ‘రుషి’ అనే అంటాం. ‘ణ’కు వీణ బొమ్మ ఉంటుంది, పిల్లవాడికి వినపడే మొదటి చప్పుడు ‘వీ’. అక్షరం గుర్తుపట్టడానికి ఆ బొమ్మ పనికొస్తుందేమో గానీ మొదటి చప్పుడు ఆటకు పనికిరాదు. ఆటకు బొమ్మలు ఎంచుకునేటప్పుడు మ, ప, న, క, స, ఆ లతో మొదలుపెట్టండి. చ, జ, ఎ, ఒ లను వెనక్కి నెట్టండి. ఒత్తక్షరాలు ఖ, ఘ, ఛ, ఝ జోలికి ఈ వయసులో వెళ్ళక్కర్లేదు. పెద్దవాళ్ళం మనమే మామూలు మాటల్లో వాటిని ఒత్తి పలకం.

గోండి పిల్లల విషయంలో ఒకటే మాట: వాళ్ళ మాటలతోనే ఆడించండి. మీకు గోండి రానక్కర్లేదు. ఇంట్లో వాడే ఐదు వస్తువుల పేర్లు పిల్లల్నే చెప్పమని, వాటినే తట్టించండి. మాటను విడగొట్టడం ఒక భాషలో పట్టుబడితే తెలుగులోకి దానంతటదే వస్తుంది. తెలియని మాటను విడగొట్టమంటే ఆ పిల్లకు అర్థం వెతుక్కోవడానికే సమయం సరిపోతుంది. ఉర్దూ, లంబాడీ మాట్లాడే పిల్లలకూ ఇదే పద్ధతి.

డాలస్‌లో ఉన్న మనవడికి ఆరేళ్ళు. ‘తాత’ను ‘టాటా’ అంటాడు. ‘మేడ’, ‘మెడ’ తేడా పట్టదు. వీడియో కాల్‌లో ఎంత చెప్పినా మారడం లేదు. (ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం)

ఇంగ్లీషులో టీ అక్షరం చప్పుడు మన త కూ ట కూ మధ్యలో ఉంటుందండీ. నాలుక పళ్ళకు తగలదు, వెనక చిగురుకు తగులుతుంది. ఆ చెవికి త, ట రెండూ ఒకేలా వినపడతాయి. అందుకని పలకమని పట్టుబట్టే ముందు వినడం నేర్పాలి. పాత–పాట, కోతి–కోటి, మూత–మూట, గది–గడి. ఒక్కో జంటకు రెండు బొమ్మలు గీసి పెట్టాలి. మొదట బొమ్మ గీయడానికి వీలైన మూత–మూట తీసుకోండి. పెద్దవాళ్ళు ఒకటి అంటే వాడు వేలు పెట్టి చూపించాలి, అంతే. పదిసార్లు అడిగితే ఎనిమిది సరిగ్గా చూపించేదాకా వాణ్ణి పలకమనొద్దు. అయిదారు సరైనా అది ఊహే, ఉన్నవి రెండు బొమ్మలే కదా.

ఆ తర్వాత అద్దం. నాలుక కొన పై పళ్ళ అంచుకు తగిలి కొంచెం బయటికి కనపడాలి, అలా ‘త’ అనాలి. వారం రోజులు ‘త’ ఒక్కటే, మాట మొదట్లో. మాట మధ్యలో త తర్వాత వస్తుంది. అందువల్ల ‘తాత’లో ముందు ‘తా’ కుదిరి రెండోది ‘ట’గానే ఉండిపోవచ్చు. ‘తాట’ అన్నా సగం గెలిచినట్టే.

ఇది వీడియో కాల్‌లో మీరు చేయలేరు. మాట తెగిపోతుంది, సన్నటి తేడాలు పోతాయి. మాట మీ అమ్మాయి పక్కన కూర్చుని అనాలి. మీరు బొమ్మలు చూపించండి, లెక్క రాయండి, మెచ్చుకోండి.

హ్రస్వ దీర్ఘాలకు రబ్బరు బ్యాండు తెప్పించండి. ‘మెడ’ అన్నప్పుడు వదులుగా, ‘మేడ’ అన్నప్పుడు సాగదీయాలి. మెడ–మేడ, పురి–పూరి, పడు–పాడు, కలం–కాలం. సాగినంతసేపు అచ్చు సాగుతుంది, పిల్లవాడి చేతికే తేడా తెలుస్తుంది. ద్విత్వానికి ఇంకో గుర్తు పెట్టుకోండి: గడి–గడ్డి అన్నప్పుడు ‘గడ్’ దగ్గర పిడికిలి ఒక్క క్షణం బిగించి వదలాలి. రబ్బరు, పిడికిలి ఒకే రోజు వద్దు. బళ్ళో నేర్పే ఇంగ్లీషు ఫోనిక్స్‌తో, అంటే అక్షరాల చప్పుళ్ళు కలిపి చదివించే పద్ధతితో, ఏ ఇబ్బందీ రాదు, దాన్ని ఆపమని చెప్పకండి.

మనవరాలు యూకేజీ. క కా కి కీ పాటలా పాడుతుంది. ‘కీ’ ఒక్కటి చూపిస్తే మళ్ళీ క నుంచి ఎత్తుకుంటుంది. గుణింతం చదివించడం ఇప్పుడు పనికిరాదంటున్నారు. మానేయాలా? (ఒక తాతగారు, తెనాలి)

మానకండి. కాకపోతే ఆ అమ్మాయికి అది ఒక్కటే పొడుగు మాటగా వినపడుతోంది. క్ అనే హల్లు కదలకుండా ఉండి, వెనక అచ్చు మారుతోందన్న సంగతి చెవికి తెలియలేదు. తెలుగు చదువులో పిల్లలు ఎక్కువగా ఆగిపోయే చోటు ఇదే. ముక్కల్ని వినడం తొందరగా వస్తుంది, ముక్క లోపలి హల్లునూ అచ్చునూ విడదీయడం చాలా నెమ్మది. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి నేర్చుకునే పిల్లలపై పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనపడింది.

దీనికి మందు అచ్చు మార్చే ఆట. ‘కాకి’తో మొదలుపెట్టండి. "ఈ రోజు మన ఊళ్ళో ఈ తప్ప ఇంకో అచ్చు లేదు" అనండి. కాకి ‘కీకీ’ అవుతుంది. తాత ‘తీతీ’, మామ ‘మీమీ’, చిలక ‘చీలీకీ’. మర్నాడు ఊ: కూకూ, తూతూ, చూలూకూ. మిమ్మల్ని తూతూ అని పిలిచి పడీపడీ నవ్వుతుంది, పిలవనివ్వండి. నవ్వుతూ చేసిన ఆ పనిలోనే త్ ను పట్టుకుని ఆ ను వదిలేయడం నేర్చుకుంటోంది. మొదట రెండు ముక్కల మాటలు, తర్వాత మూడు ముక్కలవి. ఒత్తులు, సున్నలు ఉన్న మాటలు వద్దు. ‘పంట’ను ఈ-ఊళ్ళో ఏమనాలో పెద్దవాళ్ళకే తెలియదు.

వారం పది రోజుల్లో ఇది కుదిరాక పలక తీయండి. క నెత్తిన ఉన్న తలకట్టును చూపించి ఇదే ‘అ’ అని చెప్పండి. కా, కి, కె రాయాలంటే తలకట్టు తీసేసి ఆ చోట దీర్ఘమో గుడో ఎత్వమో పెడతాం. చెవితో విన్న మార్పు కంటికి కనపడుతుంది. కొమ్ములో తలకట్టు పోదు, జ, ట, బ, ల లాంటి అక్షరాలకు అసలు తలకట్టే లేదు. అడిగితే చెప్పండి, ముందే చెప్పి భయపెట్టకండి. గుణింతం పాటను మాత్రం రోజూ వేరే చోట మొదలుపెట్టించండి: ఇవాళ కూ నుంచి, రేపు కో నుంచి.

ఇంకా ఆడాలనుంటే తిరగేసే ఆట. తల–లత. టమాట, జలజ, మడమ, పులుపు ఎటు తిప్పినా అవే. వికటకవి కూడా. ‘మరా మరా’ ఆపకుండా అంటూ పోతే ‘రామ రామ’ ఎలా అవుతుందో అనిపించి చూపించండి. ఏడేళ్ళు వచ్చాక క-భాష నేర్పొచ్చు: ప్రతి ముక్క ముందూ క చేర్చి ‘పాప’ను ‘కపాకప’ అనడం.

పాపకు అయిదేళ్ళు నిండాయి. మూడు నెలలుగా ఆడిస్తున్నా రెండు ముక్కల మాట కూడా తట్టలేదు. ర ను ల అంటుంది. డాక్టరుకు చూపించాలా? (ఒక తండ్రి, కర్నూలు)

ర ను ల అనడం అయిదేళ్ళకు చాలామందిలో ఉంటుంది, ఒక్కదానికే కంగారు వద్దు. మూడు నెలలు ఆడినా తట్టలేకపోవడం మాత్రం చూపించాల్సిన విషయం. ముందు చెవులు. జలుబు చేసినప్పుడు కర్ణభేరి వెనక నీరు చేరి వారాల తరబడి ఉండిపోవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. పిల్లకు మాట నీళ్ళలోంచి విన్నట్టు మందంగా వినపడుతుంది. టీవీ శబ్దం పెంచుతోందా? వెనక నుంచి పిలిస్తే పలకడం లేదా? మాట్లాడేటప్పుడు మీ మూతినే చూస్తోందా? చెవి కారుతోందా? ఏ ఒక్కటి ఉన్నా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళి వినికిడి పరీక్ష అడగండి. ఏమీ లేకపోయినా ఒకసారి చేయించడం మంచిదే.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వస్తాయి. వాళ్ళు చూసే వాటిలో వినికిడి కూడా ఉంటుంది, పాప పేరు ముందే చెప్పి ఉంచండి. వినికిడి, మాట రెండూ ఒకేచోట చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్ళండి. పాప ఏ మాటను ఎలా పలుకుతోందో పదిహేను మాటలు, విన్నది విన్నట్టు రాయండి: ‘రోలు’ను ‘లోలు’, ‘కుర్చీ’ని ‘కుచ్చీ’. ఇంట్లో ఎవరికైనా చదవడం ఆలస్యంగా వచ్చి ఉంటే అదీ రాయండి. పరీక్షలో చెవులు బాగున్నాయని తేలితే స్పీచ్ థెరపిస్టు ఆ కాగితం నుంచే మొదలుపెడతారు.